రెండో బోర్డు

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. పెర్లిటాకు కీడెంచేసరికే పొద్దు వాలిపోయేది, మేలు దాకా వెళ్ళే తీరిక ఏనాడూ చిక్కలేదు. ఫోను మోగితే ఆసుపత్రివాళ్ళేమో అనుకునేది. మోగకపోతే, మోగించే స్థితిలో వాడు లేడేమో అనుకునేది. వాడంటే జోమార్, ఆమె ఒక్కగానొక్క కొడుకు. వాడికి మూడో ఏట విషజ్వరం వచ్చి తగ్గింది. ఆ జ్వరం తల్లికి మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ మంగళవారం పొద్దున ఆమె బౌల్డర్ హైవే మీద బస్సు దిగి, కాసినో వెనక పనివాళ్ళ గుమ్మం దాకా వచ్చేసరికి ఫోను మోగింది.

"అమ్మా, బండి అమ్మేశాను."

"ఏ బండి?"

"నాకు పది బండ్లున్నాయి మరి! వ్యానే. నిచ్చెన, పనిముట్లు, గ్యాసు సిలిండర్లు, అన్నీ కలిపి ఇచ్చేశాను."

పెర్లిటా గోడకు చెయ్యి ఆనించి, చురుక్కుమనేసరికి తీసేసింది. లాస్ వేగాస్‌లో జూలై అంటే పొద్దున్నే గోడలు పెనాలవుతాయి. ఊరు ఊరంతా ఏసీల మీద ప్రాణాలు నిలబెట్టుకునే నెలలివి. వాటిని బాగుచేసేవాడికి పంట చేతికొచ్చే కాలం. సరిగ్గా కోతల వేళకి ఎడ్లనూ బండినీ అమ్ముకున్నవాణ్ణి ఏమనాలి?

"రేపట్నించి ఏం చేసి బతుకుతావురా?"

"ముందు మికా సంగతి తేలనీ. బతుకు సంగతి తర్వాత."

మికా జోమార్ కూతురు, ఆరేళ్ళది. దాని తల్లి షెల్బీ, జోమార్ విడిపోయి ఏడాదయింది. షెల్బీ ఇప్పుడు ఎక్కడో వేరే రాష్ట్రంలో, టల్సాలో ఉన్న అక్క దగ్గరకు మకాం మారుస్తానంటోంది. పిల్లను వెంట తీసుకుపోతానంటోంది. గురువారం కోర్టు. అప్పటికి జోమార్ ఒక ఇల్లు చూసుకుని, పిల్లకు వేరే గది ఉందని అద్దె కాగితం చూపిస్తే మికా వారం ఇక్కడా వారం అక్కడా ఉండేలా షెల్బీ ఇదే ఊళ్ళో ఆగిపోవాలి. చూపించలేకపోతే పిల్ల టల్సా వెళ్ళిపోతుంది. పెర్లిటా ఇల్లు పనికిరాదు. ఆమె ఉండేది ముసలివాళ్ళ కోసం కట్టిన రేకుల ఇళ్ళ పేటలో. యాభై అయిదు దాటినవాళ్ళకు తప్ప అక్కడ చోటు లేదు. జోమార్ ఆమె సోఫాలో పడుకోవడమే దొంగతనంగా. పొద్దున్నే తెల్లారకముందు చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడతాడు.

"ఎంత ఇచ్చారు వ్యానుకి?"

"ఇంటాయన అడిగిన అడ్వాన్సులో సగం వచ్చింది."

"మిగతా సగం?"

"చూస్తాలే."

ఆ 'చూస్తాలే' వెనక ఏముందో పెర్లిటా ఊహించింది. "జోమార్, నా మాట విను. సాయంత్రం నేనొస్తాను ఇంటాయన దగ్గరకు. నా జీతం చీటీ చూపిస్తాను, కాళ్ళావేళ్ళా పడతాను. సగం తీసుకుని ఇల్లివ్వమని అడుగుతాను. ఆ డబ్బు జేబులోంచి తియ్యకు. విన్నావా?"

"విన్నానమ్మా. విన్నాను." ఫోను పెట్టేశాడు.

లోపలికి వెళ్ళి నల్ల ప్యాంటు మీద తెల్ల చొక్కా సర్దుకుంది. పనివాళ్ళ గదిలో ఫ్రిజ్ తలుపు మీద కాగితం కళ్ళబడింది. రోజూ పడేదే. చైత్రంలో ఎండలు ముదరకముందు కాసినో చేతులు మారింది. కొత్త యజమానులు పేకాట గదికి కొత్త నియమాలు అచ్చు వేయించి అక్కడ అంటించారు. పెర్లిటా చదువు అంతంత మాత్రం. ఆ కాగితాన్ని మాత్రం దేవుడి బొమ్మ ముందు నిలబడ్డట్టు నిలబడి కంఠతా పట్టింది, ఉద్యోగం ఊడుతుందని భయం.

ఆ గదిలో ఆడేది పోకర్, ముక్కలు పంచేది పెర్లిటా లాంటి పనివాళ్ళు. ఆటగాడి చేతిలో రెండు ముక్కలు, బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు, ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఒకటి తెరుస్తారు, ఆ అయిదింటినీ కలిపి బోర్డంటారు. ఇద్దరు ఎదురుపడి, చేతిలో ఉన్నదంతా మధ్యలోకి తోసేశాక ఇక పందెం వేసేందుకు ఏమీ మిగలదు, మిగిలిన ముక్కలు తెరవడమే. అక్కడ గుండె జారినవాళ్ళు రెండు బోర్డులు అడుగుతారు. అంటే మిగిలిన ముక్కల్ని రెండుసార్లు పరుస్తారు. మధ్యలో ఉన్న పందెం కుప్ప రెండు భాగాలు, ఒక్కో బోర్డుకు ఒక్కో భాగం. "ఒక్కసారిగా చావడం దేనికి, సగం సగం చావొచ్చు కదా" అంటుంది లొరెయిన్. ఆమె పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం దాకా ఆడే విధవరాలు.

రెండు బోర్డులు కావాలంటే ఆటగాళ్ళిద్దరూ నోరు తెరిచి చెప్పాలి, అదీ పేకలోంచి ముక్క కదలకముందే. పంచేవాళ్ళు అడగకూడదు. సలహా ఇవ్వకూడదు. మొహంలో కూడా ఏమీ కనపడనివ్వకూడదు. ఇవన్నీ పాతవే. కొత్తది ఒక్కటే. ఏ ముక్క తెరవాలన్నా ముందు పైనున్న ముక్కను మొహం కనపడకుండా పక్కకు తోసెయ్యాలి. దాన్ని కాల్చడం అంటారు. పై ముక్కకు ఎవరైనా గోటితో గుర్తు పెట్టి ఉంటే ఆ మోసం కాస్తా దాంతో కాలిపోతుందని. పాత యజమానుల రోజుల్లో రెండో బోర్డుకు కాల్చేవాళ్ళు కాదు, తీసి తెరవడమే. పదకొండేళ్ళు పెర్లిటా వేళ్ళు అదే పనిచేశాయి. ఇప్పుడు రెండో బోర్డుకు కూడా ప్రతి ముక్కకూ కాల్చాలి. మరిచిపోతే? దాని తర్వాతి ముక్క తెరిచేలోగా ఎవరైనా పట్టుకుంటే, తెరిచిన ముక్క కాలినవాటిలోకి పోతుంది, దాని కిందిది బోర్డు మీదకు వస్తుంది. తర్వాతిది కూడా తెరిచేశాక ఇక ఎవరూ అడిగేది లేదు, ఉన్నది ఉన్నట్టే చెల్లుతుంది.

పెర్లిటా రెండో బల్ల దగ్గర కూర్చుని పంచడం మొదలుపెట్టింది. ఎదురుగా ఆర్విల్ ఉన్నాడు. ఒకప్పుడు క్రేను నడిపేవాడట. ఇప్పుడు ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని, సిలిండరును కుక్కపిల్లలా కుర్చీ కాలికి కట్టేసుకుని ఆడతాడు. ఆయన పక్కన లొరెయిన్. మిగతా ముగ్గురూ రాత్రి నుంచి లేవనివాళ్ళు, మొహాలు వాడిపోయి ఉన్నాయి.

ఏడో కుర్చీ లాగిన చప్పుడయింది. చూస్తే జోమార్. రెండు చేతులా పందెం బిళ్ళల పెట్టెలు.

పెర్లిటాకు చేతిలో పేక బరువెక్కింది. "ఇక్కడికెందుకొచ్చావు?" అంది, పెదవులు కదలకుండా.

"ఖాళీ ఇక్కడే ఉందన్నారు."

"వేరే చోటు లేదా ఊళ్ళో?"

"ఉన్నాయి. అక్కడ రాక్షసులుంటారు. ఇక్కడ ముసలాళ్ళేగా."

"విన్నాన్రా అబ్బీ" అన్నాడు ఆర్విల్. "నాకు గాలే తక్కువ, చెవులు బాగానే పనిచేస్తాయి."

పెర్లిటా చెయ్యెత్తి ఫ్లోర్ మేనేజర్ హార్లన్‌ను పిలిచింది. సొంతవాళ్ళు కూర్చున్న బల్లకు పంచకూడదు. "ఈ అబ్బాయి మావాడు, హార్లన్. నన్ను లేపెయ్యి."

హార్లన్ గది అంతా ఒకసారి కలయజూశాడు. ఆవేళ ఇద్దరు పనికి రాలేదు. "లేపితే ఎవరు కూచోవాలి, నేనా? నా వేళ్ళు చూశావుగా, అల్లం కొమ్ముల్లా అయిపోయాయి. ఇంకాసేపట్లో ఆల్మాజ్ వచ్చి నిన్ను తప్పిస్తుంది. అందాకా లాగించు." వంగి ఆమె చెవిలో అన్నాడు, "పైన కళ్ళున్నాయి. నాకు మాట రానివ్వకు."

పై కప్పులో ప్రతి బల్ల నెత్తినా ఒక నల్ల గాజు బుడ్డి, అందులో కెమెరా ఉంది. పెర్లిటా తలెత్తలేదు. తలెత్తినా తప్పేనేమో అనిపించింది.

"భయపడకు పెర్ల్" అంది లొరెయిన్. "నువ్వు కొడుక్కి మంచి ముక్కలు వేస్తావని ఎవరూ అనుకోరు. పదేళ్ళుగా నాకు పంచుతున్నావు, చేతిలో ఒక్కసారి జంట రాణులు పెట్టిన పాపాన పోలేదు."

బల్ల అంతా నవ్వింది. జోమార్ కూడా నవ్వాడు. పెర్లిటా పంచింది. పంచుతూనే, వాడు ప్రతిసారీ ముక్కలు చూసి అవతల పారేస్తుంటే లోపల ఒక్కో దండం పెట్టుకుంది. ఇలాగే పారేస్తూ కూర్చోరా నాయనా, ఆల్మాజ్ వచ్చేదాకా, సాయంత్రం దాకా, గురువారం దాకా పారేస్తూనే కూర్చో. ఆ బిళ్ళల్లో ఆమెకు బిళ్ళలు కనపడలేదు. వ్యాను కనపడింది, దాని వెనక ఒక చిన్న గది, గదిలో మికా మంచం.

తర్వాతి ఆటలో జోమార్ ముక్కలు పారెయ్యలేదు.

ఆర్విల్ పందెం పెంచాడు. జోమార్ ఆ పందెం కట్టాడు. మిగతావాళ్ళు తప్పుకున్నారు. పెర్లిటా ఒకటి కాల్చి, మూడు తెరిచింది. ఆఠీను రాజు, ఆఠీను నాలుగు, కళావరు ఎనిమిది. ఆర్విల్ మెల్లగా, మంచం మీంచి లేచేవాడిలా, బిళ్ళలు ముందుకు జరిపాడు. జోమార్ తన రెండు పెట్టెలూ ఒక్క తోపున మధ్యలోకి తోసేశాడు.

"అంతా" అన్నాడు.

"సరే" అన్నాడు ఆర్విల్ వెంటనే. ఆ 'సరే' ఎంత తొందరగా వచ్చిందంటే, పెర్లిటాకు ఆయన ముక్కలు చూడకుండానే తెలిసిపోయింది.

ఆయన తిప్పాడు. రెండు ఆసులు, ఇస్పేటుది, డైమనుది. జోమార్ తిప్పాడు. ఆఠీను రాణి, ఆఠీను పది. బల్ల మీద రెండు ఆఠీన్లు, చేతిలో రెండు. ఇంకొక్క ఆఠీను పడి ఒకే రకానివి అయిదైతే ఆర్విల్ ఆసులు చిత్తుకాగితాలు. పడకపోతే వ్యాను పోయింది, ఇల్లు పోయింది, పిల్ల పోయింది.

ఆర్విల్ గొట్టం సవరించుకున్నాడు. "రెండు బోర్డులు వేయిద్దామా బాబూ? నాకు గుండె జబ్బు, ఒక్కసారంటే తట్టుకోలేను."

"నీకు గుండె కూడా ఉందా?" అంది లొరెయిన్.

జోమార్ తన రెండు ముక్కల వైపు చూశాడు. వాడి లోపల ఏం జరుగుతోందో పెర్లిటాకు అద్దంలో చూసినట్టు తెలుసు. ఒక్క బోర్డయితే, అది పడితే, ఇంటాయన అడిగినదంతా ఒక్క దెబ్బకు చేతికొస్తుంది. రెండయితే రెండూ గెలవడం కల్ల, ఒకటి గెలిచి ఒకటి ఓడితే వ్యాను డబ్బు వ్యాను డబ్బుగా వెనక్కి వస్తుంది, అంతే. ఆ 'అంతే' చాలురా, అని అరవాలనిపించింది ఆమెకు. నోరు విప్పడానికి లేదు. వాడు తలెత్తి తల్లి మొహంలోకి చూశాడు. నాలుగేళ్ళప్పుడు చెరువు గట్టున, దూకమంటావా వద్దంటావా అన్నట్టు చూసేవాడు, అదే చూపు. పెర్లిటా మొహాన్ని గోడ చేసుకుంది.

"రెండు" అన్నాడు జోమార్ చివరికి.

"రెండు బోర్డులు" అని పెర్లిటా పైకి అంది. దూరంనుంచి హార్లన్ తలూపాడు.

మొదటి బోర్డు. ఒకటి కాల్చింది, తెరిచింది: డైమను మూడు. ఒకటి కాల్చింది, తెరిచింది: ఇస్పేటు ఏడు. ఆఠీను లేదు. సగం కుప్ప ఆర్విల్‌ది.

రెండో బోర్డు. పెర్లిటా ముక్క తీసి తెరిచింది.

ఆఠీను ఆరు.

జోమార్ కుర్చీ వెనక్కి జరిగింది. లేచి నిలబడ్డాడు. "అమ్మా!" అన్నాడు, బల్ల అంతా వింటుండగా. "చూశావా? చూశావా!" లొరెయిన్ చప్పట్లు కొట్టింది. ఆర్విల్ చేత్తో గాలిని తోసేసి, "పోనీలే, సగమన్నా మిగిలింది" అన్నాడు. ఇక ఆఖరి ముక్క ఏది పడినా ఆ బోర్డును ఆయన వెనక్కి లాక్కోలేడు. వ్యాను డబ్బు తిరిగొచ్చేసింది. పెర్లిటా ఆఖరి ముక్కకు ముందు కాల్చాల్సినదాన్ని తీసి, కాలినవాటి పక్కన పెట్టబోయింది.

అక్కడ మూడున్నాయి.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. ముందు మూడింటికి ఒకటి, మొదటి బోర్డుకు రెండు. ఈ ఆఠీను ఆరుకు ముందు ఒకటి ఉండాలి. లేదు. కాల్చలేదు. కొడుకు ఎదురుగా కూర్చున్న కంగారులో కొత్త నియమం తలలోనే ఉండిపోయింది, వేళ్ళు మాత్రం పదకొండేళ్ళ దారిలో నడిచి వెళ్ళాయి. ఎవరూ గమనించలేదు. గమనించరు కూడా, ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పాత పద్ధతికి అలవాటుపడ్డ కళ్ళవాళ్ళే. చేతిలో ఉన్నదాన్ని అక్కడ పెట్టి, ఆఖరిది తెరిచేస్తే సరి. అయిపోతుంది. ఎప్పటికీ అయిపోతుంది.

పైన నల్ల గాజు బుడ్డి ఆమె మాడు మీద వేడిగా ఉన్నట్టనిపించింది. పంచింది తల్లి, గెలిచింది కొడుకు, తప్పి పడింది కొడుక్కి కావలసిన ముక్క. ఎవరు నమ్ముతారు పొరపాటంటే? రేపో ఎల్లుండో పైన కూర్చున్నవాడు ఎవడో తీరిగ్గా తిప్పి చూస్తాడు. గురువారం కోర్టు గుమ్మంలోనే జోమార్ చేతులకు బేడీలు పడతాయి. షెల్బీ లాయరు ఆ మాట జడ్జికి చెబుతాడు. మికా అప్పుడు టల్సాకు పోవడమే కాదు, తండ్రి దొంగ, నానమ్మ దొంగ అని వింటూ పెరుగుతుంది. ఇంతా ఆమె కళ్ళముందు నడిచి వెళ్ళడానికి రెప్పపాటు పట్టలేదు. జీవితమంతా చేసిన సాధన అదేగా.

ఇంకో భయం కూడా ఉంది. దాన్ని ఆమె తనకు తాను కూడా చెప్పుకోలేదు. నిలబడ్డ వాడి మొహంలో వెలుగు చూసింది. అది గండం గడిచినవాడి వెలుగా, ఇప్పుడే మొదలుపెట్టినవాడి వెలుగా? ఈ డబ్బు చేతికొస్తే వాడు లేస్తాడా? మిగతా సగం కోసం మళ్ళీ కూర్చోడూ?

"ఫ్లోర్" అంది పెర్లిటా. హార్లన్‌కు వినపడలేదు. మళ్ళీ అంది. "ఫ్లోర్!"

హార్లన్ వచ్చాడు. "ఏమైంది?"

"కాల్చకుండా తెరిచాను. ఈ ఆరుకి."

బల్ల మీద ఉన్నవాళ్ళంతా ఒక్కసారి కాలిన ముక్కల వైపు చూశారు. మూడు. లొరెయిన్ "అయ్యో పెర్ల్" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జోమార్ ఇంకా నిలబడే ఉన్నాడు. వాడికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"నేను అడగలేదే!" అన్నాడు ఆర్విల్. ఆయన గొంతులో నిజంగానే నొచ్చుకున్నతనం ఉంది. "నేను చూడను కూడా చూడలేదు. ఆ ముక్క అబ్బాయికే ఉండనీ. నాకేం ఫిర్యాదు లేదు హార్లన్."

"మీరు వదిలినా నియమం వదలదు, ఆర్విల్ గారూ. పంచినావిడే నోటితో చెప్పాక నేను విననట్టు ఎలా ఉంటాను? ఇంకో ముక్క తెరవలేదుగా?"

"లేదు" అంది పెర్లిటా.

"అయితే దిద్దు."

ఆమె ఆఠీను ఆరును తీసింది. సరిగ్గా పంచి ఉంటే ఆ ముక్క ఎవరి కంటా పడేదే కాదు. ఎవరికీ తెలియకుండా వచ్చి, ఎవరికీ తెలియకుండా కాలినవాటిలో కలిసిపోయేది. ఇప్పుడు అందరూ చూశాక పోయింది. బోర్ల తిప్పి నాలుగోదిగా పెట్టింది. చేతిలో కాల్చడానికి తీసిన ముక్క దాని స్థానంలోకి వచ్చింది. తిప్పింది: ఇస్పేటు అయిదు. తర్వాత పైముక్కను కాల్చింది, ఈసారి వేలితో నొక్కి మరీ కాల్చింది. ఆఖరిది తెరిచింది.

డైమను రెండు.

కుప్పను ఆర్విల్ వైపు తోసేది ఆమె చేతులే. తోసింది. ఆర్విల్ బిళ్ళలు పేర్చుకోలేదు, వాటి మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. జోమార్ కుర్చీని బల్ల కిందకు సర్దాడు, చిన్నప్పుడు అన్నం తిన్నాక సర్దమని ఆమె నేర్పినట్టే. ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

భుజం మీద ఎవరో తట్టారు. ఆల్మాజ్ వచ్చింది. "లే అక్కా, నేను కూచుంటా. ఏంటి, ఇలా చెమటలు పట్టేశాయి?"

పెర్లిటా లేచి, చేతుల్లో ఏమీ దాచలేదని పై కెమెరాకు అరచేతులు ఆడించి చూపించి పక్కకు తప్పుకుంది. హార్లన్ ఆమెను గుమ్మం దాకా నడిపించాడు. "నూటికి తొంభైమంది నోరు మూసుకునేవాళ్ళు. మంచి పని చేశావు. పైవాళ్ళకు చెబుతాను." భోజనం చీటీ ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "అయినా నువ్వు అంత బెదిరిపోవాల్సింది కాదు. కెమెరాలో బొమ్మ పడుతుంది సరే, గొడవొస్తే తప్ప దాన్ని చూసేదెవడు? ఆ ఆర్విల్ గొడవ పెట్టే మనిషా?"

ఆమె భోజనాల గదికి వెళ్ళలేదు. వెనక గుమ్మం తీసుకుని ఎండలోకి వచ్చింది. జోమార్ బస్టాపులో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. వ్యాను లేదుగా మరి. నీడ బెంచీకి అవతల పడుతోంది, వాడు జరగలేదు.

పెర్లిటా పక్కన కూర్చుంది. ఎండకు బెంచీ కాలుతోంది. తనకని తెచ్చుకున్న అన్నం డబ్బా వాడి ఒళ్ళో పెట్టింది. వెల్లుల్లి వేయించి కలిపిన అన్నం, ఎండుచేప. వాడు మూత తియ్యలేదు.

"ఇంటాయన దగ్గరకు సాయంత్రం..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"ఏం పట్టుకుని వెళ్దామమ్మా?"

పెర్లిటా వాడి ఒళ్ళో డబ్బాను సరిగ్గా నిలబెట్టింది.

"ఎందుకు చెప్పావు?" కోపంగా అడగలేదు. దారి అడిగినట్టు అడిగాడు.

"పైన చూస్తారు కదరా. ఇద్దరం కలిసి చేశామంటారు. నిన్ను జైల్లో పెడతారు. అప్పుడు మికా గతి..."

"మికా గతి ఇప్పుడేమైంది?"

రోడ్డు మీద లారీలు పోతున్నాయి. పెర్లిటా భోజనం చీటీని మడిచి, ఇంకా మడిచి, మడతకు లొంగనంత చిన్నది చేసింది.

"నన్ను ఈతకు పంపలేదు, మునిగిపోతానని" అన్నాడు జోమార్. "సైకిల్ కొనలేదు, లారీ కింద పడతానని. మిలిటరీలో చేరతానంటే వారం రోజులు అన్నం మానేశావు. నీ లెక్కలో నేను ఎన్నిసార్లు చచ్చానో నీకే తెలియాలి. బతికున్నవాడిగా ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది."

"చూశాను నాయనా. చూడకనేనా ఈ ఏడుపంతా?"

వాడు నవ్వబోయాడు. రాలేదు.

ఆమెకు ఆ ప్రశ్న అడగాలని లేదు. అడగకుండా ఉండలేకపోయింది. "ఒకటి చెప్పు. ఆ ఆరు అలాగే నిలబడి, డబ్బు తిరిగొచ్చి ఉంటే, లేచేవాడివా? లేక మళ్ళీ తోసేవాడివా?"

అవునమ్మా, మళ్ళీ తోసేవాణ్ణే, ఎలాగూ పోయేదే అంటాడని చూసింది. ఆ ఒక్క మాట కోసం దేవుళ్ళందరికీ మొక్కింది. అంటే చాలు. ఆ మాట పట్టుకుని మిగతా బతుకంతా ఈదుకొస్తుంది.

జోమార్ ఆమె వైపు తిరిగాడు. "నేనప్పటికే లేచి నిలబడ్డాను కదమ్మా" అన్నాడు. "ఎందుకనుకున్నావు? బిళ్ళలు తీసుకుని వెళ్ళిపోదామనే. దేవుడు ఒకసారి తిరిగిచ్చాడు, ఇక చాలనుకున్నాను. సగంతోనే ఇంటాయన్ని అడుగుదాం, అమ్మను వెంటపెట్టుకుని వెళ్దాం అనుకున్నాను."

పెర్లిటా వాడి మొహం వెతికింది. వాడి అబద్ధాలన్నీ ఆమెకు తెలుసు. పాలు ఒలికినప్పటివి, బళ్ళో చెప్పినవి, షెల్బీతో పోట్లాడి వచ్చి చెప్పినవి, అన్నీ ఎక్కడెక్కడ దాక్కుంటాయో తెలుసు. కళ్ళలో చూసింది, నోటి మూలల్లో చూసింది. ఎక్కడా ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

బస్సు వచ్చి ఆగింది. జోమార్ అన్నం డబ్బా తిరిగి ఆమె చేతికిచ్చి మెట్టెక్కాడు. ఎక్కి వెనక్కి తిరిగాడు.

"గురువారం నువ్వు కోర్టుకు రాకమ్మా."

"అదేం మాటరా? నేను రాకపోతే..."

"నీ మొహం చూస్తే జడ్జి నోరు తెరవకముందే మికాకు తెలిసిపోతుంది. దాన్ని ఆ కాసేపన్నా భయం లేకుండా ఉండనీ."

తలుపు మూసుకుంది. బస్సు హైవే మీదకు ఎక్కి ఎండలో కలిసిపోయింది. పెర్లిటా అక్కడే కూర్చుంది. లోపల బల్లలు ఖాళీ లేవు, విరామం అయిపోవచ్చింది, హార్లన్ వెతుకుతుంటాడు. లేవాలి. డబ్బా మూత గట్టిగా నొక్కి, లేచి, వెనక గుమ్మం వైపు నడిచింది.